గుట్ట దారిలో తలల లెక్క

గోగులవాగు,
3-5-1984.

తమ్ముడు స్తెఫనుకు,

అక్క విశ్రాంతమ్మ చెబుతుంటే మా బడిపంతులు చెంచురామయ్య గారు రాస్తున్నారు. ఇందులో వందనాలు నా తమ్ముడికి మాత్రమే. మధిర సంఘ పెద్దకు లేవు. ఆ ఇద్దరూ ఒకడే అయితే నేనేం చేసేది?

నిన్న మీ కమిటీ మనిషి బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. గుట్ట నడకకు తీసుకుపోయే ప్రథమ చికిత్స పెట్టె ఇచ్చెయ్యమన్నాడు. ఎందుకని అడిగితే, ఆదివారం ఆరాధన అయ్యాక తీర్మానం చదివారన్నాడు. దర్జీ ఆరోగ్యం అడవిలో తప్పిపోవడానికి నా కోడలు సవరమ్మ అజాగ్రత్తే కారణమట, ఇకమీదట గుట్ట నడకకు ఆమె ముందుండరాదట. అంత మాట చెప్పి, దాహమవుతోందని మజ్జిగ అడిగాడు. మజ్జిగ ఇచ్చాను. పెట్టె ఇవ్వలేదు. దాని మీద కూర్చునే ఈ ఉత్తరం చెబుతున్నాను.

జరిగింది నీకు తెలుసు. కానీ తెలియనట్టు తీర్మానం రాశారు కాబట్టి మొదటి నుంచీ వినిపిస్తాను.

అడవి దారుల్లో ఆపద వస్తే ఏం చెయ్యాలో నేర్పుతామని మిషన్ దవాఖానా వాళ్ళు పిలిస్తే సవరమ్మ పోయింది. తోడుగా నేనూ పోయాను. అక్కడ నేర్చుకునేవాళ్ళందరికీ రోగిని నేనే. విరిగిన కాలు నాదే, పురుగు ముట్టిన చెయ్యి నాదే, వడదెబ్బకు పడిపోయిందీ నేనే. కట్లు కట్టించుకుని కట్టించుకుని నాకూ సగం విద్య వచ్చింది. పాము కరిస్తే గాటు పెట్టొద్దు, తాడుతో బిగించొద్దు, మనిషిని కదలనివ్వకుండా దవాఖానాకు మోసుకుపోవాలి అన్నారు. ఎవరి నీళ్ళు వాళ్ళు మోసుకోవాలన్నారు. అందరికంటే గట్టి మనిషి అందరికంటే వెనక నడవాలన్నారు. వాగు దాటినప్పుడల్లా తలలు లెక్కపెట్టుకోవాలన్నారు.

గుడ్ ఫ్రైడేకి గుట్ట మీది ప్రార్థనలకు నడవాలని మీ మధిర వాళ్ళు మా ఊరు వచ్చారు. ముందురోజు సాయంత్రం చర్చి అరుగు మీద కూర్చోబెట్టి సవరమ్మ ఇవన్నీ చెప్పింది. తెల్లవారి బయలుదేరేముందు వరుసగా నిలబెట్టి లెక్క మొదలుపెట్టింది. నేను అక్కడే మేకలను విప్పుతున్నాను. అప్పుడు నువ్వు ఆమెతో అన్న మాట ఇది:

"ఏందమ్మా, మనుషుల్ని మేకల్లెక్క లెక్కబెడుతున్నవు? ఎనకట ఒక రాజు గిట్లనే తన జనాన్ని లెక్కబెడితే గదా దేశానికి తెగులొచ్చింది. ఆపు. దేవుడి పని మీద పోతున్నం, లెక్క ఆయనే చూసుకుంటడు."

ఆమె ఆపింది. మొగుడి మేనమామ మాట. అందులోనూ సంఘ పెద్ద మాట. ఇక దారి పొడుగునా ఏ వాగు దగ్గరా లెక్క లేదు. గుట్ట ఎక్కి, చీకటి పడ్డాక గంజి పోసేటప్పుడు ఒక ఆకు దొప్ప మిగిలిపోతే అప్పుడు తెలిసింది, దర్జీ ఆరోగ్యం లేడని. తెల్లారాక మా ఊరివాళ్ళతో కలిసి వెతికితే బండల కింద దొరికాడు, చీలమండ విరిగి, నాలుక పిడచగట్టి. వెదురు బద్దలు పెట్టి, ఒంటి మీది తెల్లచీర చెంగు చింపి కట్టు కట్టింది సవరమ్మ. లుంగీలతో డోలీ చేయించి కిందికి మోయించింది సవరమ్మ. పేరు పోగొట్టుకుందీ సవరమ్మే.

నేను అడిగేది ఒక్కటే. ఆ తీర్మానం ఎక్కడ నిలబడి చదివారో అక్కడే నిలబడి, లెక్క ఆపించింది నువ్వేనని చెప్పు.

పంతులుగారు మెత్తగా రాస్తారేమోనని మళ్ళీ చదివించుకుని విన్నాను. ఎక్కడా మెత్తగా లేదు.

నీ అక్క
విశ్రాంతమ్మ
(వేలిముద్ర)


మధిర,
15-5-1984.

పూజ్యురాలైన అక్కయ్యకు,

తమ్ముడు స్తెఫను వందనాలతో వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఎండలకు రైలు పట్టాల పక్కన నడవలేకపోతున్నాం. నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చినప్పుడు ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతోంది. శుభవార్త అనుకుని నీ మరదలు కరుణ పైకి చదవడం మొదలుపెట్టింది. మజ్జిగ దాకా వచ్చాక గానీ నేను ఆపలేకపోయాను. ఇకనుంచి కవరు మీద నా పేరు మాత్రమే రాయించు.

సవరమ్మ మీద ఎవరికీ కోపం లేదు. 'అజాగ్రత్త' అన్న మాట కమిటీ వాళ్ళు పెట్టింది. 'అనుభవం లేకపోవడం' అని రాద్దామని నేను అన్నాను. నలుగురూ ఒప్పుకోలేదు. నలుగురి మాట కాదని సంతకం పెట్టకుండా ఎట్లా ఉంటాను?

ఆ ఉదయం నేను ఏదో అని ఉండవచ్చు. బయలుదేరే హడావిడిలో ఎన్నో అంటాం. కమిటీ ముందుకు సవరమ్మను పిలిచి అడిగాం కదా. తల వంచుకుని నిలబడింది, ఒక్క మాట అనలేదు. మేమేం అనుకోవాలి? అయినా లెక్క అంత అవసరమని తెలిసిన మనిషి నేను వద్దంటే మానేయడం ఎందుకు? క్లాసులకు పోయింది తను, నేను కాదు.

కోడలికి పదవి పోయిందని నువ్వు బాధపడుతున్నట్టు అర్థమైంది. వచ్చే ఏడు స్త్రీల సమాజంలో ఏదైనా బాధ్యత ఇప్పించే ప్రయత్నం చేస్తాను.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతనే చీర పంపుతున్నాను. ఈసారి ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పెట్టె అతనికిచ్చి పంపు. ఎండలో మేకల వెంట తిరగకు.

ఇట్లు
స్తెఫను


గోగులవాగు,
26-5-1984.

తమ్ముడు స్తెఫనుకు,

చీర చేరింది. దాన్ని తెచ్చిన మనిషి చేతికే తిరిగి ఇచ్చాను. నా కోడలికి కట్టుకోను చీర లేక నేను ఉత్తరాలు రాయించడం లేదు. చింపిన చీరకు బదులు చీర ఇచ్చేస్తే అయిపోయిందనుకున్నావా? దాన్ని ఆమెకు చూపించను కూడా లేదు. ఈ ఉత్తరాల సంగతే ఆమెకు తెలియదు. తెలిస్తే వద్దంటుంది. అందుకే ఆమె నీళ్ళకు పోయినప్పుడు పంతులుగారిని పిలిపిస్తున్నాను.

ఏదో అని ఉండవచ్చా? పిల్లలు మన్ను తిని మూతి తుడుచుకున్నట్టు ఉంది నీ జవాబు. నువ్వు అన్నావు. నేను విన్నాను. నా మేకలూ విన్నాయి.

ఇక ఆమె తల వంచుకోవడం గురించి. నువ్వు ఆమెకు మామవు. నలుగురు మగవాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని, 'లెక్క ఎందుకు పెట్టలేదమ్మా' అని అడిగావు. ఆమె ఏం చెప్పాలి? 'నువ్వే వద్దన్నావు మామా' అంటే విశ్రాంతమ్మ కోడలు పెద్దవాళ్ళ మీద నోరు చేసుకుందని మధిర నుంచి ఇక్కడిదాకా చెప్పుకునేవాళ్ళు. అనలేదు కాబట్టి అజాగ్రత్త. ఏ దారీ లేకుండా చేసి, ఏ దారిన రాలేదేమని అడుగుతావా?

నువ్వు రైల్వేలో గార్డు పని చేసినవాడివి. చివరి పెట్టె ఉందో లేదో చూసుకోకుండా ఏనాడైనా జెండా ఊపావా? అక్కడ పెట్టెలు లెక్కపెడితే తెగులు రాలేదు. ఇక్కడ మనుషులను లెక్కపెడితే వస్తుందా?

రాజు సంగతి నాకూ తెలుసు. పాస్టరుగారు చెప్పగా విన్నాను. ఆ రాజు నా కింద ఇంతమంది ఉన్నారని గొప్పకు లెక్కపెట్టుకున్నాడు. నూరు గొర్రెల కాపరి సంగతి కూడా పాస్టరుగారే చెప్పారు. ఒకటి తప్పిపోతే మిగతావన్నీ విడిచి దాని వెంట పోయాడంటారు. లెక్కపెట్టకుండానే ఒకటి తప్పిపోయిందని ఆయనకు ఎట్లా తెలిసింది? ఇది నువ్వు ఆలోచించు. నాకు చదువు రాదు, మేకలు మాత్రం కాచాను. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు లెక్కపెట్టని దాని మేకలు ఎవరివో అవుతాయి.

పదవి అన్నావు. బొబ్బలెక్కినవాళ్ళ సంచులు భుజాన వేసుకుని ఎండలో అందరికంటే వెనక నడవడం పదవి అయితే, ఆ పదవి నీ కమిటీలో ఒక్కడిని చేపట్టమను.

పెట్టె ఇవ్వను.

నల్లమేక ఈనింది, పిల్లలు బాగున్నాయి. నీకు చెప్పాలని కాదు. కాగితం మిగిలిందని పంతులుగారు అంటే చెబుతున్నాను.

విశ్రాంతమ్మ
(వేలిముద్ర)


మధిర,
18-6-1984.

అక్కయ్యకు,

చీర తిరిగి వచ్చింది. కరుణ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక పూటంతా ఏడ్చింది. అది సవరమ్మకు పంపింది కాదు అక్కా. అమ్మ పోయినప్పటి నుంచీ ప్రతి ఈస్టరుకూ నీకు పంపే పుట్టింటి చీర. ఆరోగ్యం దవాఖానా ఖర్చుల్లో పడి ఈసారి ఆలస్యమైంది. చందూలాల్ కొట్టులో కరుణ నాలుగు అంచులు చూసి, నువ్వు నీలం కడతావని ఏరింది. పుట్టింటి చీర తిప్పి పంపిందంటే మనతో తెంచుకున్నట్టేనని మన వాళ్ళంతా అంటున్నారు. పెట్టె కోసం, ఒక తీర్మానం కోసం ఇంత దూరం పోతావా?

నువ్వు రాయించిన కాపరి మాట పాస్టరుగారికి చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు. గార్డు మాట ఎవరికీ చెప్పలేదు.

వానలు వెనకబట్టాక, నవంబరులో మళ్ళీ గుట్ట నడక పెట్టుకున్నాం. మిలిటరీలో చేసి వచ్చిన ఒక హవల్దారు ముందుండి నడిపిస్తానన్నాడు. ఈల ఉంది, బూట్లు ఉన్నాయి, మనిషి దృఢంగా ఉన్నాడు. కాబట్టి ఈ గొడవ ఇంతటితో వదిలెయ్యి. సవరమ్మకూ భారం తప్పింది.

ఆరోగ్యం కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. చీలమండ వంకరగా అతుక్కుంది.

నీ తమ్ముడు
స్తెఫను


గోగులవాగు,
30-6-1984.

తమ్ముడికి,

చీర నాదైతే ఆ మాట తెచ్చినవాడికి చెప్పి పంపవద్దా? చింపిన చీర సంగతి నేను రాయించిన వెంటనే చీర వస్తే నేనేమనుకుంటాను? కరుణమ్మను ఏడవొద్దని చెప్పు. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. నీలం అంచు ఏరిన మనిషి మీద ఎవరికి కోపం వస్తుంది? చీర మళ్ళీ పంపండి, కట్టుకుంటాను. తెంచుకోవడానికి నువ్వేమైనా పరాయివాడివా? పరాయివాడివైతే నాలుగు తిట్లతో వదిలేసేదాన్ని. తమ్ముడివి కాబట్టే ఇన్ని కాగితాలు.

కానీ నీ ఉత్తరంలో చీరకు ఉన్నంత చోటు ఆరోగ్యానికి లేదు. వంకరగా అతుక్కుంది అని ఒక మాట రాసి సంతకం పెట్టావు. అతను దర్జీ. మిషను తొక్కేది ఆ కాలితోనే కదా. ఇప్పుడెట్లా కుడుతున్నాడు? పోయి చూశావా? చూసి ఉంటే రాసేవాడివి.

హవల్దారు సంగతి పంతులుగారు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముందుండి నడిపిస్తాడంటున్నావు. వెనక కూలబడినవాడు ముందు నడిచేవాడికి ఎట్లా కనిపిస్తాడు? ఆ ఈల తప్పిపోయినవాడి దగ్గర ఉండాలి గానీ హవల్దారు దగ్గర ఎందుకు? మళ్ళీ లెక్క లేకుండా మనుషులను మా అడవిలోకి తెస్తున్నావు. మొన్న దొరికింది విరిగిన కాలు. ఈసారి ఏం దొరుకుతుందో మోసేది మళ్ళీ మా ఊరివాళ్ళే.

సవరమ్మకు భారం తప్పిందని నీకెవరు చెప్పారు? గుట్ట దారి పట్టిన కట్టెలవాళ్ళ వంక చూస్తూ పని మరిచి నిలబడిపోతోంది. పిలిస్తే ఉలిక్కిపడుతోంది. ఇంట్లో ఈ మాట ఎత్తదు. ఆ తీర్మానం ఆమె నమ్మిందేమోనని నా భయం.

ఆగస్టు మొదటి ఆదివారం మీకు ప్రభురాత్రి భోజనం కదా, అందరూ వస్తారు. నేనూ వస్తాను. నీ ఇంటికి రాను, సరాసరి చర్చికి. నీ అంతట నువ్వు లేచి చెబితే వెనక బెంచీ మీద కూర్చుని విని, మీ ఇంటికొచ్చి అన్నం తింటాను. చెప్పకపోతే నేనే లేచి చెబుతాను. నాకు మైకు అక్కర్లేదని నీకు తెలుసు.

విశ్రాంతమ్మ
(వేలిముద్ర)


మధిర,
7-8-1984.

అక్కా,

జవాబుకు ఆలస్యం చేశాను. జ్వరమని రాయొచ్చు గానీ జ్వరం లేదు.

వాగులు పొంగి మీ వైపు బస్సులు ఆగాయని ఆదివారం ఉదయం స్టేషన్లో తెలిసింది. నువ్వు రాలేవని అర్థమైంది. ఒక నిమిషం ఊపిరి పీల్చుకున్నాను. అది దాచను. కానీ అప్పటికే నేను ఆరోగ్యం దగ్గరికి పోయి వచ్చి ఉన్నాను.

నువ్వు రాయించాక నా చొక్కా గుడ్డ ఒకటి పట్టుకుని పోయాను, ఊరికే పోలేక. అతను మిషను ముందు కూర్చుని గుడ్డ జరుపుతున్నాడు. అతని పెళ్ళాం కింద కూర్చుని చేత్తో తొక్కుడు పలకను ఆడిస్తోంది. నన్ను చూసి ఇద్దరూ లేవబోయారు. కూర్చోమన్నాను. ఆ రోజు ఏం జరిగిందని అడిగాను. ఇన్నాళ్ళూ అతన్ని ఎవరూ అడగలేదట. కమిటీ కూడా అడగలేదు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"రెండో వాగు కాడ చెప్పు తెగింది పెద్దయ్యా. కట్టుకుందామని కూసున్న, లేస్తుంటే కాలు మడతబడ్డది. అందరు ముందుకు పోయిన్రు. సవరమ్మక్క చెప్పింది గదా, తప్పిపోతే ఉన్నకాడనే కూసోండ్రి, వాగు దాటినప్పుడల్లా లెక్క జూస్తం, ఎన్కకొస్తం అని. గందుకే కదల్లే. లెక్క జూసుకుంటరు, వస్తరు అనుకుంట పొద్దు వాలేదాక కూసున్న. ఇంక రారని లేసి ఒక్కన్నే నడిసిన. అప్పుడు పడ్డ, బండల మీద."

అతను వరుసలో చివర నిలబడ్డాడు. నేను సవరమ్మతో అన్న మాట అంతదూరం వినపడలేదు. లెక్క ఆపించానని అతనికి తెలియదు. నేను ఆపించిన లెక్క కోసమే అతను ఆ సాయంత్రమంతా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం రొట్టె ఇవ్వకముందు లేచాను. 'మనుషుల్ని లెక్కపెట్టొద్దని సవరమ్మను ఆపింది నేను. తీర్మానం మీద సంతకం పెట్టిందీ నేనే. తీర్మానం తప్పు' అన్నాను. కమిటీలో ఒకాయన రొట్టె తీసుకోకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఆరోగ్యం నా వైపు చూడలేదు. ఇంకా చూడటం లేదు. చొక్కా కుట్టి మనిషితో పంపాడు.

హవల్దారుకు వద్దని చెప్పాను. సవరమ్మ మధిర వచ్చి, నవంబరుకు నడిచేవాళ్ళందరికీ ముందుగా నేర్పుతుందేమో అడుగు. నన్ను అడగమనకు. నాకు ముఖం లేదు.

కరుణ చీర పంపుతోంది. ఈసారి నీ పేరు చెప్పి మరీ ఇచ్చింది.

స్తెఫను


గోగులవాగు,
18-8-1984.

తమ్ముడు స్తెఫనుకు,

వందనాలు. ఈసారి సంఘ పెద్దకు కూడా.

నీ ఉత్తరం వచ్చేసరికి సవరమ్మ ఇంట్లోనే బియ్యం ఏరుతోంది. దాచింది చాలని, ఆమె ముందే చదవమన్నాను. పంతులుగారు చదువుతుంటే ఆమె చేటలో చెయ్యి ఆగిపోయింది. అయిపోయాక, ఆరోగ్యం చెప్పిన మాటలు మళ్ళీ ఒకసారి చదవమంది. చదివారు. మూడోసారి అడగలేదు గానీ అడుగుతుందనే అనుకున్నాను.

నేను సంతోషంగా ఉన్నాను. నా కోడలి పేరు నిలబడింది, నలుగురిలో నా తమ్ముడు మనిషిలా లేచాడు. ఏడుస్తుందేమో, కొంగు అందిద్దామని దగ్గరికి పోయాను. ఆమె ఏమందో విను:

"అత్తమ్మా, ఆపమన్నది మామ తప్పు. ఆపింది నా తప్పు. ఆరోగ్యమన్న మామను నమ్మి కూసోలే, నన్ను నమ్మి కూసుండు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండాకాలం నుంచి కూర్చుని, పంతులుగారి కలాలు అరగదీసి, పుట్టింటి చీర తిప్పి పంపి, తమ్ముడిని చర్చిలో నిలబెట్టి, నీకు తప్పు లేదని నేను గెలిచి తెస్తే, నువ్వే నాది తప్పంటావా అని అరిచాను. పెద్దవాడు చెబితే కోడలు వినక ఏం చేస్తుందని కూడా అన్నాను. ఆమె నన్ను అరవనిచ్చింది. అంతా అయ్యాక చేట పక్కన పెట్టి నిలబడింది.

"ఇంట్ల నువ్వు చెప్పినట్టే వింట. దారిల మాత్రం ఇంక మామ లేడు, అత్త లేదు. ఈసారి నువ్వొచ్చి ఆపమన్నా ఆపను."

నా ఇంట్లో, నా మొహం మీద, పంతులుగారు వింటుండగా అన్న మాట ఇది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆమె నాకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. గొడవ పెరుగుతుందని పంతులుగారు చెప్పులు వేసుకోబోతే, కూర్చోండి, ఉత్తరం రాయాలని ఆపాను.

నాకింకా కోపం తగ్గలేదు. నాకే ఎదురు చెప్పిన మనిషి ఇక నీకూ, నీ కమిటీకీ భయపడదు. అందుకే పంపుతున్నాను. నెలాఖరు శనివారం కొత్తగూడెం నుంచి వచ్చే బండికి దిగుతుంది. స్టేషనుకు మనిషిని పంపకు, నువ్వే పో. ముందు ఆరోగ్యం ఇంటికి తీసుకుపొమ్మంటుంది, తీసుకుపో. అతను నీ మొహం చూడకపోయినా గుమ్మం దగ్గర నిలబడు.

అన్నాల దగ్గర నీకు మర్యాద చేస్తుంది, మంచినీళ్ళు అందిస్తుంది, మామయ్యా అంటుంది. నడక మొదలయ్యాక నువ్వు మధ్యలో దూరి ఏదైనా చెప్పబోతే నోరు మూసుకోమంటుంది.

మూసుకో.

నీ అక్క
విశ్రాంతమ్మ
(వేలిముద్ర)